ఊరూ పేరూ తెలిశాకే మెరుగు

తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో, అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లో జనం వంగి నడుస్తూ కనిపిస్తారు. వాన నేలను కడిగితే పైకి తేలిన రాళ్లలో వజ్రం ఉండకపోతుందా అన్న ఆశ వాళ్లది. చుట్టుపక్కల జిల్లాల నుంచే కాక కర్ణాటక నుంచీ మూటాముల్లె సర్దుకుని వస్తారు. వజ్రం దొరికిన ఒకరిద్దరి సంగతి మర్నాడు పత్రికలో వస్తుంది. మిగతావాళ్ల కొంగుల్లో, జేబుల్లో చేరిన రాళ్ల గురించి ఎవరూ రాయరు. ఆ రాళ్లూ ఊరికే పుట్టినవి కావు. ఒక్కోదానికీ ఒక పేరుంది, పుట్టిన చోటుంది, ఆ చోటి నుంచి ఇక్కడికి వచ్చిన దారుంది. ఈమధ్య మరో రకం రాళ్ల వేటగాళ్లు కూడా పెరుగుతున్నారు. వీళ్లకు వజ్రాల మీద ఆశ లేదు, రాళ్ల మీదే ఇష్టం. కృష్ణా గోదావరి ఇసుక తిన్నెల్లో, వికారాబాద్, ఆదిలాబాద్ నల్లరేగడి చేలల్లో రంగురంగుల గులకరాళ్లు ఏరుకుని, ఇంటికి తెచ్చి, రాళ్లను తిప్పి నున్నబరిచే టంబ్లర్‌లో వేస్తారు. నెల తిరిగేసరికి అవి అద్దంలా మెరుస్తూ బయటికొస్తాయి. ఈ సరదాను తప్పుపట్టాల్సిన పనే లేదు. తప్పంతా వరసలో ఉంది. రాయి ఏమిటో తెలియకముందే దానికి మెరుగు పెడుతున్నాం. రాయి తానెవరో చెప్పుకోవడానికి ఉన్న ఆధారాల్లో సగం దాని పైపొరలోనూ, మిగతా సగం అది దొరికిన చోటులోనూ ఉంటాయి. టంబ్లర్ మొదటి సగాన్ని అరగదీస్తుంది. ఎక్కడ ఏరామో రాసుకోని మన అలవాటు రెండో సగాన్ని పోగొడుతుంది.

టంబ్లర్ ఎలా పనిచేస్తుందో చూస్తే పోయేదేమిటో తెలుస్తుంది. రబ్బరు డ్రమ్ములో మూడింట రెండు వంతులకు కాస్త ఎక్కువగా రాళ్లు నింపి, అవి దాదాపు మునిగేదాకా నీళ్లు పోసి, సిలికాన్ కార్బైడ్ పొడి వేసి మూత బిగిస్తారు. చిన్న మోటారు ఆ డ్రమ్మును రాత్రీపగలూ నెమ్మదిగా తిప్పుతుంది. రాళ్లు ఒకదాని మీదుగా ఒకటి జారుతూ, మధ్యలో చిక్కిన పొడి రాపిడికి అరుగుతాయి. మొదటి వారం ముతక పొడి, తర్వాతి వారం అంతకంటే సన్నం, మూడో వారం మరీ మెత్తనిది, చివరికి అల్యూమినియం ఆక్సైడ్ లాంటి పాలిష్ పొడి. ప్రతి దశకూ ముందు రాళ్లనూ డ్రమ్మునూ శుభ్రంగా కడగాలి. ముతక పొడి రేణువు ఒక్కటి మిగిలిపోయినా చివరి పాలిష్ గీతలమయం అవుతుంది. ఈ నాలుగు దశల్లో అసలు నష్టం జరిగేది మొదటి వారంలోనే. రాయి మూలలు, అంచులు, పైనున్న గరుకు పెచ్చు, స్ఫటికపు ముఖాలు, వాటి మీది సన్నని గీతలు అన్నీ ముతక పొడికి బలవుతాయి. తర్వాతి మూడు వారాలూ ఆ పోయినదాని మీద నిగారింపు పూయడమే.

ఆ మూలలూ గీతలూ అంత విలువైనవా అంటే, రాళ్లను చదివేవాళ్లకు అవే అక్షరాలు. పలుగురాయి స్ఫటికానికి ఆరు పలకలుంటాయి, ఆ పలకల మీద అడ్డంగా సన్నని గాళ్లు నడుస్తాయి. పుష్యరాగం స్ఫటికం మీద గాళ్లు నిలువుగా ఉంటాయి, పైగా అది అడ్డంగా ఒకే దిశలో నున్నగా చీలుతుంది. కాల్సైట్ ఎలా పగిలినా వాలు గళ్ల ముక్కలుగానే పగులుతుంది. ముడి వజ్రం చాలాసార్లు రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించిన ఎనిమిది ముఖాల ఆకారంలో దొరుకుతుంది. అంచులు కాస్త గుండ్రబడి ఉంటాయి, ముఖాల మీద భూతద్దంలో చూస్తే చిన్న చిన్న త్రికోణపు గుంటలు కనిపిస్తాయి, చూపుకు నూనె రాసినట్టు జిడ్డుగా మెరుస్తుంది. ఆకాశం నుంచి పడిన ఉల్కకైతే గాలి రాపిడికి కరిగి గట్టిపడిన నల్లని సన్నటి పెచ్చు ఉంటుంది. ఇవన్నీ పైపైనే ఉన్నాయి. నల్లరాయిలా కనిపించే ఉల్కను వారం రోజులు డ్రమ్ములో తిప్పితే ఆ పెచ్చు బురదలో కలిసిపోతుంది, చేతికొచ్చేది నున్నటి నల్ల గుండు.

గట్టిదనం విషయంలోనూ మనకో పాత పొరపాటు ఉంది. వజ్రమైతే సుత్తి దెబ్బకు పగలదనీ, పగిలితే వజ్రమే కాదనీ ఒక నమ్మకం శతాబ్దాలుగా ఉంది. నిజానికి గీతపడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. వజ్రాన్ని గీయగల సహజ ఖనిజం మరొకటి లేదు, అయినా దాని లోపలి అమరికను బట్టి నాలుగు దిశల్లో శుభ్రంగా చీలుతుంది. సుత్తి పరీక్షకు అసలు వజ్రాలే ఎన్నో ముక్కలై ఉంటాయి. తెలియని రాయిని టంబ్లర్‌లో వేయడం కూడా ఇలాంటి పరీక్షే, కాకపోతే నెల రోజులు సాగుతుంది. పలుగురాయీ కాల్సైటూ కలిపి వేస్తే కాల్సైట్ అరిగి పొడైపోతుంది. దాంతో అది మెత్తనిదని తెలుస్తుంది నిజమే, తెలిసేసరికి రాయే మిగలదు.

ఇక చోటు సంగతి. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి ఒడ్డున వలయాల చారలున్న అగేట్ ఒకటి దొరికిందనుకుందాం. అగేట్ పుట్టేది లావా రాతిలో. లావా చల్లబడేటప్పుడు లోపల చిక్కిన గాలి బుడగల ఖాళీల్లో సిలికా పొరపొరలుగా పేరుకుని అగేట్ అవుతుంది. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమిని కప్పేసిన లావా పొరలే దీనికి పుట్టిల్లు. ఆ లావా రాయి కాలక్రమంలో శిథిలమై నల్లరేగడి మట్టిగా మారింది, అగేట్ మాత్రం గట్టిది కాబట్టి మట్టిలో మిగిలిపోయింది. వికారాబాద్ చేలల్లో వాన తర్వాత తెల్లగా, బూడిదరంగుగా కనిపించే గుండ్లు అవే. గోదావరి మహారాష్ట్ర నుంచి ఆ లావా నేలల మీదుగానే వస్తుంది, కాబట్టి ఒడ్డున దొరికిన అగేట్ వందల కిలోమీటర్లు దొర్లుకుంటూ వచ్చి ఉండొచ్చు. రాజమహేంద్రవరం పక్కనే కాతేరులో, నదికి అవతల పంగిడిలో కూడా అదే కాలపు లావా పొరలు ఉన్నాయి. కాబట్టి అది పక్క ఊరి రాయి కూడా కావచ్చు. ఏది నిజమో తేల్చాలంటే నదిలో దొరికిందా, కొండవాగులో దొరికిందా, పొలంగట్టు మీద దొరికిందా అన్నది తెలియాలి. రాయి పైపెచ్చు దొర్లిందా, దొర్లలేదా అన్నదీ చూడాలి. రాతి ముక్క వెంట ఈ రెండు సమాచారాలూ లేకపోతే మిగిలేది అందమైన గుండు మాత్రమే. తెలుగు నేల మీద పుట్టిన అన్నిటికంటే పేరున్న రాయిదీ ఇదే గతి. కోహినూర్ పల్నాటి కొల్లూరు గనిలో దొరికిందని అందరం చెప్పుకుంటాం, దొరికిన రోజున ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పుడా కొల్లూరు గనులు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉన్నాయి. 180కి పైగా క్యారెట్లుండే ఆ వజ్రాన్ని మెరుపు చాల్లేదని 1852లో లండన్‌లో మళ్లీ సానపట్టి 105.6 క్యారెట్లకు తెచ్చారు. సాన మీద పోయిన ఆ భాగం మళ్లీ రాదు.

గుర్తించడానికి ప్రయోగశాల కావాలి, మామూలు మనిషి వల్ల కాదు అన్న మాట తరచూ వినిపిస్తుంది. కొన్ని రాళ్ల విషయంలో అది నిజం. చాలా రాళ్లకు మాత్రం వంటింటి సామగ్రి చాలు. గోరుతో గీస్తే గీతపడేది బలపం రాయి, జిప్సం లాంటి మెత్తని జాతి. గోరుకు లొంగక చాకుకు లొంగితే కాల్సైట్, ఫ్లోరైట్ లాంటివి. చాకు జారిపోయి, రాయే గాజు సీసా మీద గీత పెడితే అది ఫెల్డ్‌స్పార్ గానీ పలుగురాయి గానీ అంతకంటే గట్టిది గానీ. ఫ్రెడరిక్ మోస్ 1812లో తయారుచేసిన 1 నుంచి 10 వరకు ఉండే కొలతలో గోరు రెండున్నర దగ్గర, చాకూ గాజూ ఐదున్నర దగ్గర, పలుగురాయి 7 దగ్గర ఉంటాయి. తర్వాత నేల టైలు వెనకవైపు గరుకు భాగం మీద రాయిని రాయాలి. కంసాలి గీటురాయి మీద బంగారాన్ని గీసి చూసినట్టే ఇదీ. పైకి నల్లగా ఉక్కులా మెరిసే హెమటైట్ టైలు మీద ఎర్రమట్టి రంగు గీత పెడుతుంది. దాని పక్కన పెడితే తేడా తెలియని మాగ్నటైట్ నల్ల గీత పెడుతుంది, అయస్కాంతానికి అతుక్కుంటుంది. ఇత్తడి రంగులో బంగారంలా మురిపించే పైరైట్ ఆకుపచ్చ కలిసిన నల్లగీత పెట్టి దొరికిపోతుంది. చిటికెడు పొడి గీకి దాని మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలొచ్చేది కాల్సైట్.

అన్నిటికంటే నమ్మదగినది బరువు పరీక్ష, దీనికి వంటింటి డిజిటల్ తూకం సరిపోతుంది. ముందు రాయిని పొడిగా తూయాలి. తర్వాత గ్లాసులో సగానికి నీళ్లు పోసి తూకం మీద పెట్టి, అంకె సున్నా చేయాలి. రాయికి సన్నని దారం కట్టి, గ్లాసు అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా చేత్తో పట్టుకోవాలి. రాయికి బుడగలేమైనా అంటుకుంటే దారం కదిపి వదిలించాలి. తూకం ఇప్పుడు చూపే గ్రాములు ఆ రాయి తొలగించిన నీటి బరువు. మొదటి బరువును దీనితో భాగిస్తే రాయి సాంద్రత వచ్చేస్తుంది. పొడిగా 132 గ్రాములు తూగిన తెల్లరాయి నీళ్లలో 50 చూపిందంటే 2.64, అంటే పలుగురాయికుండే 2.65కు అతిదగ్గర. అదే తెల్లదనంతో చేతికి ఎందుకో బరువనిపించిన మరో రాయి 135 గ్రాములు తూగి నీళ్లలో 30 మాత్రమే చూపితే 4.5. అది ముగ్గురాయి, బెరైటీస్. ప్రపంచంలోని దీని అతిపెద్ద నిల్వల్లో ఒకటి రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో ఉంది. ఈ రెంటినీ కంటితో చూసి విడదీయబోయినవాళ్లు పొరబడొచ్చు, తూకం పొరబడదు. వజ్రం సాంద్రత 3.52, కురువిందం 4కు అటూ ఇటూ. తుగ్గలి పొలంలో దొరికిన గాజు లాంటి రాయి 2.65 చూపిందంటే ఆశ వదులుకోవచ్చు, వ్యాపారి గడప తొక్కే ఖర్చూ తప్పుతుంది. గీసి చూసే పరీక్షలు కూడా రాయిని పాడుచేస్తాయి కదా అంటారేమో. ఓ మూల వెంట్రుకంత గీత ఒకటి, టైలు మీద చిటికెడు పొడి. వారం రోజుల ముతక రాపిడితో దీన్ని పోల్చలేం. బరువు పరీక్షైతే రాయికి ఏ హానీ చేయదు.

దీనికి ఎదురుగా బలమైన వాదన ఒకటుంది. ఏరుకొచ్చే రాళ్లలో చాలామటుకు పలుగురాయి కుటుంబానివే, నది వాటిని ఎప్పుడో దొర్లించి నున్నన చేసేసింది, మోటారు కొత్తగా పోగొట్టేదేముంది అని. మొదటి మాట ఒప్పుకోవాల్సిందే. ఆ కుటుంబం నూటికి తొంభై పాళ్లు ఉన్నా, పరీక్ష చేసేది మిగతా పది కోసమే. రెండో మాట మాత్రం తెలుగు నేల మీద నిలవదు. నది అరగదీసిన తీరు కూడా ఒక సమాచారమే. ఎంత గుండ్రబడింది, ఏ అంచు ఇంకా పదునుగా ఉంది అన్నదాన్ని బట్టి రాయి ఎంత దూరం వచ్చిందో అంచనా కడతారు. అంతకంటే ముఖ్యమైనది, ఆ పదునైన అంచు నదిది కాక మనిషిది అయ్యే అవకాశం. నంద్యాల జిల్లాలో జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం ఉంది. సుమత్రాలో 74 వేల ఏళ్ల కిందట పేలిన తోబా అగ్నిపర్వతం బూడిద అక్కడ మందంగా పేరుకుని ఉంది. ఆ ఊరి రాతి గూట్లో జరిగిన తవ్వకాల్లో సూక్ష్మ శిలా పరికరాలు దొరికాయి, వాటిలో పాతవి దాదాపు 35 వేల ఏళ్లవి. చెర్ట్, చాల్సిడొనీ, పలుగురాయి లాంటి రాళ్లను చెక్కి చేసిన బొటనవేలి గోరంత బ్లేడ్లవి. నేటి రాళ్ల వేటగాళ్లు టంబ్లర్ కోసం ముచ్చటపడి ఏరే రాళ్లూ సరిగ్గా ఇవే జాతి. దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు, దాని చుట్టూ నీటి అలల్లా వంపులు, అంచు వెంట వరసగా పెచ్చులూడిన గుర్తులు కనిపిస్తే ఆ రాయిని దొరికిన చోటే వదిలి, ఫొటో తీసుకుని, పురావస్తు శాఖకు చెప్పాలి. డ్రమ్ములో తిప్పితే ముందుగా మాయమయ్యేవి ఆ గుర్తులే. 35 వేల ఏళ్లు చెక్కుచెదరని మనిషి చేతి పని వారంలో పోతుంది.

మెరుగు పెట్టిన రాయిని కూడా నిపుణులు గుర్తుపట్టగలరు కదా అన్న ప్రశ్నకు తెలంగాణలోనే జవాబుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా గరీబ్‌పేట గుట్ట చుట్టూ ముదురు ఎరుపు గార్నెట్లు దొరుకుతాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికిన ప్రాచీన గార్నెట్ పూసలు ఈ గుట్టవేనని 2017లో శాస్త్రవేత్తలు నిర్ధారించారు. రెండు వేల ఏళ్ల కిందటి పనివాళ్లు ఆ పూసలను ఎప్పుడో సానబట్టేశారు, అయినా గుర్తింపు సాధ్యమైంది. రాయి లోపల నారలా చిక్కుకున్న సిల్లిమనైట్ వంటి ఖనిజాలూ, రాయి రసాయన కూర్పూ పోలిక పట్టించాయి. అయితే పోల్చడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా. ఫలానా గుట్టవని తెలిసిన ముడి గార్నెట్లు ఒకవైపు లేకపోతే, రెండోవైపు పూసలు ఎంత మెరిసినా ఎక్కడివో చెప్పేవారు కాదు. పైగా ఇక్కడ పనిచేసినవి ఖరీదైన పరికరాలు. పైపెచ్చు ఉన్న ముడిరాయికి గీత, తూకం చాలేచోట నున్నటి రాయికి ప్రయోగశాల కావాల్సివస్తుంది. మెరుగు పేరును పూర్తిగా చెరిపేయకపోవచ్చు, తెలుసుకునే ఖర్చును మాత్రం పెంచుతుంది. ఆ పరికరాలు లేని కాలంలో రాజుల ఖజానాలే మోసపోయాయి. బ్రిటిష్ కిరీటంలో ముందువైపు పొదిగిన పెద్ద ఎర్రరాయికి బ్లాక్ ప్రిన్స్ కెంపు అని పేరు. అది కెంపు కాదు, స్పినెల్ అనే వేరే ఖనిజం. సరైన ముఖాలు కూడా తీయకుండా వంకర గుండుగానే నున్నబరిచిన ఆ రాయి శతాబ్దాల పాటు కెంపుగానే చలామణీ అయింది.

ఫోనుతో ఫొటో తీస్తే రాయి పేరు చెప్పే యాప్‌లు ఇప్పుడు ఎన్నో. వాటికి అందేది రంగు, ఆకారం మాత్రమే. గుర్తింపులో రంగంత తేలిగ్గా మోసం చేసే ఆధారం మరొకటి లేదు. ఒకే పలుగురాయి లోపలి ఇనుము ఏ స్థితిలో ఉందన్నదాన్ని బట్టి ఊదాగానూ పసుపుగానూ మారుతుంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో బూడిదరంగు అగేట్లను నిప్పుల మధ్య కాల్చి ఎర్రగా మార్చే విద్య వేల ఏళ్లుగా ఉంది. వేడికి లోపలి ఇనుము రంగు మారుతుంది, రాయి మాత్రం అదే అగేట్. ఫొటోలో గట్టిదనం కనిపించదు, బరువు కనిపించదు, గీత రంగు కనిపించదు. యాప్ చెప్పిన పేరును ఒక ఊహగా తీసుకుని, ఆ పేరున్న రాయికి ఉండాల్సిన సాంద్రత వస్తుందో లేదో తూచి చూస్తే అది ఉపయోగపడుతుంది. పాలిష్ చేసిన రాయి ఫొటోతో అడిగితే ఉన్న కాస్త ఆకారం సాయం కూడా దానికి అందదు.

వరస మార్చుకోవాలనడానికి ఆరోగ్యం కూడా ఒక కారణం, బహుశా అన్నిటికంటే పెద్దది. పల్నాడు జిల్లా అగ్నిగుండాల ప్రాంతంలో ఒకప్పుడు సీసం గని నడిచింది. అక్కడి గలీనా అనే ఖనిజం వెండిలా మెరుస్తుంది, ఘనపు పలకలుగా పగులుతుంది, సాంద్రత 7.5. చూడముచ్చటగా ఉందని డ్రమ్ములో వేస్తే ఇంట్లో తయారయ్యేది సీసపు బురద. పులివెందుల ప్రాంతంలో పచ్చని సర్పెంటైన్ రాతి చారల మధ్య పట్టుదారంలా మెరిసే నారలుంటాయి. అది రాతినార, ఆస్బెస్టాస్. ఊపిరితిత్తుల్లోకి వెళితే ఏళ్ల తర్వాత ప్రాణం తీస్తుంది. దాన్ని అరగదీయడం అటుంచి, గీకడం కూడా కూడదు. నారలు కనిపిస్తే తీయకుండా వదిలేయాలి. చివరికి నిరపాయమైన పలుగురాయి పొడి కూడా గాలిలో లేస్తే ప్రమాదమే. ఖంభాత్ అగేట్ పనివాళ్లలో ఎందరినో సిలికోసిస్ కబళించింది రాయిని నీళ్లు లేకుండా చక్రం మీద అరగదీయడం వల్లే. టంబ్లర్‌లో నీళ్లుంటాయి కాబట్టి దుమ్ము లేవదు, బురద ఎండితే మాత్రం లేస్తుంది. సింకులో పారబోస్తే అది గొట్టంలో సిమెంటులా గట్టిపడుతుంది. తడిగా ఉండగానే సంచిలో కట్టి పారేయాలి. వేసిన రాయి ఏమిటో తెలిసినవాళ్లకే ఆ బురద ఏమిటో తెలుస్తుంది.

మెరుగుతోనే కొన్ని రాళ్లు లోపలి అందం చూపిస్తాయన్నది కాదనలేని మాట. అగేట్ చారలు, జాస్పర్ రంగుల కలయిక, ఇసుక తిన్నె మీది పెంకుగట్టిన చాల్సిడొనీ లోపలి పాలరంగు గరుకు పెచ్చు వెనక దాగి ఉంటాయి. వాటికోసం టంబ్లర్ ఉండాల్సిందే. అయితే ముందు రాయిని నీళ్లలో ముంచి చూస్తే చాలామటుకు చారలు అక్కడే కనిపిస్తాయి. అంతకుమించి కావాలంటే ఒక మూల మాత్రమే తడిపిన గరుకు కాగితంతో రుద్ది చిన్న కిటికీ తెరవొచ్చు. అది అగేటే అని గీత, గాజు, తూకం మూడూ ఒప్పుకున్నాక డ్రమ్ములో వేయడానికి ఏ అభ్యంతరమూ లేదు. ఒకే గట్టిదనం ఉన్నవే కలిపి వేయాలి. చీలే గుణమున్న ఫ్లోరైట్, కాల్సైట్ లాంటివి అసలు వేయకూడదు. మంచి స్ఫటికపు ముఖాలున్నది ఎంత చిన్నదైనా పక్కన పెట్టాలి. ఒకే చోట, ఒకే రకం రాళ్లు నాలుగు దొరికితే మూడింటికి మెరుగు పెట్టి ఒకదాన్ని దొరికినట్టే ఉంచుకోవాలి. ఆ ఒక్కదానికి చిన్న కాగితం చుట్టి ఊరు, వాగు లేదా పొలం, తేదీ, పక్కన ఎలాంటి రాయి ఉంది, గీత రంగు, సాంద్రత రాయాలి. ఫోనులో అక్షాంశ రేఖాంశాలు ఎటూ ఉంటాయి, అవి కూడా రాస్తే ఇంకా మేలు. తేలనివి మిగిలితే వాటిని ముడిగానే, ఈ కాగితంతో సహా, ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల భూగర్భశాస్త్ర విభాగాల్లో గానీ హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో గానీ తెలిసినవాళ్లకు చూపించొచ్చు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎక్కడ దొరికిందనే. రెండోది, ఇది దొరికినప్పుడు ఎలా ఉందని.